తాతగారి బాడిసతో డేరా గుంజలు చేయవచ్చా?

ప్రశ్న: నేను విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. సంక్రాంతి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి పిల్లలు కొందరిని అరకు లోయ వైపు తీసుకువెళ్ళి, మాకు పరిచయమున్న ఒక గిరిజన రైతు పొలంలో డేరాలు వేసి రెండు రాత్రులు ఉంచాలని అనుకుంటున్నాం. మా తాతగారు వడ్రంగం చేసేవారు. ఆయన వాడిన బాడిస (కర్రను చెక్కే పనిముట్టు), రెండు ఉలులు, చేతిరంపం, చిత్రిక (కర్రను నునుపు చేసేది), బరమా (బెజ్జాలు వేసేది) అటక మీద తుప్పు పట్టి ఉన్నాయి. వాటితో అక్కడే, అడవి కర్రతో, పిల్లల చేతనే డేరా గుంజలు (డేరా తాళ్ళు కట్టడానికి నేలలో దిగ్గొట్టే కర్రమేకులు), వంటకుండ వేలాడదీసే ముక్కాలి, గరిటెలు, పీటలు చేయించాలని ఉంది. ఏ కర్ర వాడాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? పద్నాలుగేళ్ళ పిల్లల చేతికి బాడిస ఇవ్వవచ్చా?

సమాధానం: మాస్టారూ, మీ సంకల్పం మెచ్చుకోదగినది. అయితే అందులో ఒక్క మాట మార్చుకోవాలని నా సలహా. "అక్కడే" అన్న చోట "ముందుగా, మన ఊళ్ళోనే" అని చేర్చుకోండి. ఈ పనులకు తీరిక కావాలి, కూర్చోవడానికి నీడ కావాలి, గాయమైతే దగ్గరలో వైద్యం కావాలి. చలికాలంలో అరకు వైపు పెందలాడే ఎండ కొండ చాటుకు వెళ్ళిపోతుంది. డేరా నిలబెట్టాలన్న తొందర ఒకవైపు, ఆకలి ఒకవైపు తరుముతుండగా పదునైన పనిముట్టు పట్టిన పిల్లవాడు జాగ్రత్తగా ఉండలేడు. వస్తువులు బడి ఆవరణలో వారం వారం చేసుకుని, అక్కడ వాడుకోవడమే మేలు. శిబిరంలో చేయడానికి ఒకటి రెండు చిన్న పనులు ఎలాగూ మిగులుతాయి.

అడవి కర్ర మాట పూర్తిగా వదిలేయండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు కొట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాలు, జాతీయ పార్కుల విషయంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మరింత కఠినంగా ఉంటుంది. సొంత పట్టా భూమిలోని చెట్టును మొదలంటా నరకాలన్నా, 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవలసిన సందర్భాలు ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచితే, మీకు ఆతిథ్యమిచ్చే రైతుకు అటవీ సిబ్బందితో మాట పడే పరిస్థితి తేవడం మర్యాద కాదు. ఆయన తోటలో కాఫీ మొక్కలకు నీడగా సిల్వర్ ఓక్ చెట్లు ఉంటే, వాటి నుంచి నరికి పడేసిన కొమ్మలు ఉన్నాయేమో అడగండి, ఆయన ఇస్తే తీసుకోండి. అంతకు మించి అక్కడి కర్ర మీద ఆశ పెట్టుకోవద్దు.

మీ ప్రాంతంలో కర్రకు కొదవ లేదు. భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రతీరమంతా సరుగుడు తోటలే. పందిళ్ళకు అమ్మే సరుగుడు బాదుల్లో సన్నవి కొని ముక్కలు చేసుకుంటే గుంజలకు అంతకంటే మంచి కర్ర అక్కరలేదు. అది బరువైనది, గట్టిది, నిటారుగా పెరిగేది. ఎండేటప్పుడు పగలడం ఒక్కటే దాని లోపం. చెరువు గట్ల మీద పాకిన సర్కారు తుమ్మ కూడా గుంజలకు బాగా పనికి వస్తుంది, దాన్ని ఎంత కొట్టినా ఊరు సంతోషిస్తుంది కూడాను; కాకపోతే దాని ముల్లు దిగితే వాపు వస్తుంది కనుక ముళ్ళు తీసే పని పెద్దలే చేయాలి. పనిముట్ల పిడులకు, గరిటె కాడలకు జామ కొమ్మను మించినది లేదు, ఎందుకంటే దాని నార దగ్గరగా అల్లుకుని ఉండి అంత తేలికగా చీలదు. పీట పలకకు మామిడి గాని పనస గాని చాలు.

కొన్ని చెట్లకు దూరంగా ఉండాలి. మీ జిల్లాలో జీడిమామిడి తోటలు చాలా ఉన్నాయి కదా, ఆ కొమ్మలు చవకగా దొరుకుతాయని తెచ్చుకోవద్దు. బెరడులోని జిగురు చర్మాన్ని కాల్చినట్టు పొక్కిస్తుంది. అడవి నల్లజీడి అంతకంటే ప్రమాదం. గన్నేరు, ముష్టి విషపు చెట్లు. ఆ కర్రతో గరిటె కాదు గదా, పొయ్యిలోకి కట్టెగా కూడా వాడవద్దు. వేపకు విషం లేకపోయినా దాని చేదు పప్పులోకి దిగిందని పిల్లలు పేచీ పెడతారు, కనుక గరిటెలకు దాన్ని పక్కన పెట్టడమే నయం.

ఇక పనిముట్లు. వాటిని పిల్లల ముందు పెట్టేముందు మీరు కనీసం రెండు సాయంత్రాలు వాటితో గడపాలి. తుప్పును కిరోసిన్‌లో నానబెట్టి, ఇటుక పొడితో గాని నీళ్ళకాగితంతో గాని రుద్ది తీయండి. ఉలిని సాన పట్టేటప్పుడు దాని వాలు పాతికకూ ముప్పైకీ మధ్య డిగ్రీల్లో ఉండేలా చూసి, ఆ వాలు మొత్తం రాయికి ఆనించి, ఒకే కోణంలో ముందుకు వెనక్కు నడపాలి. కాసేపటికి వెనకవైపు గోటికి తగిలే సన్నని గరుకు లేస్తుంది. పదును అంచు దాకా వచ్చిందని చెప్పే గుర్తు అదే. అప్పుడు ఉలిని తిరగేసి, వీపును రాయి మీద బల్లపరుపుగా ఆనించి ఆ గరుకును తీసేయండి. ఆ తరువాత సన్నరాయి మీద ఇదే పని మళ్ళీ చేసి, చివరగా పాత తోలు బెల్టు మీద వెనక్కు లాగితే చాలు. పదును వచ్చిందో లేదో చేతి వెంట్రుకల మీద చూసే అలవాటు పిల్లలకు నేర్పకండి. మెత్తని కర్ర అడ్డకోత మీద ఉలిని నెట్టి చూడండి, పొడి రాలకుండా నున్నని పొర లేస్తే సరిపోయినట్టే. బజారులో తిరిగే సానచక్రానికి ఇస్తే నిమిషంలో పని అయిపోతుంది గాని, అంచు వేడెక్కి నీలిరంగు తిరిగితే ఆ మేరకు ఉక్కు గట్టిదనం పోయినట్టే. మీ తాతగారి ఉలులు ఆ పాలు కాకూడదని నా కోరిక.

బాడిస కామ, అంటే పిడి, ఊగుతూ ఉంటే నీళ్ళలో నానబెట్టి బిగించే పద్ధతి మన పల్లెల్లో ఉంది. అది ఆ పూటకే పనికి వస్తుంది, ఆరాక మరింత వదులవుతుంది. ఎండిన కర్ర చీలికను దిగ్గొట్టి బిగించండి, లేదా కామ మార్పించండి. రంపం పళ్ళు ఎటు వాలి ఉన్నాయో కూడా చూడండి. పిడివైపు వాలి ఉంటే అది లాగేటప్పుడు కోసే రంపం. మన పాత వడ్రంగులు నేల మీద కూర్చుని పని చేసేవారు కనుక అలాంటివి వాడేవారు. నెట్టి కోయడం అలవాటైన చేతితో దాన్ని నెడితే పలక వంగిపోతుంది.

మొదటి వస్తువుగా కొయ్యసుత్తి చేయించండి. గుంజలు దిగ్గొట్టడానికి, ఉలిని కొట్టడానికి అది కావాలి. పైగా గరిటె కంటే చాలా సులభం, కొంచెం వంకరపోయినా పని ఆగదు. ఎనిమిది సెంటీమీటర్ల మందం, ముప్పై అయిదు సెంటీమీటర్ల పొడవు ఉన్న కర్రముక్క ఒకటి తీసుకోండి. ఒక చివర నుంచి పదిహేను సెంటీమీటర్ల దగ్గర చుట్టూ బొగ్గుతో గీత గీయండి. ఆ గీత మీద రంపం పెట్టి, కర్రను కొద్దికొద్దిగా తిప్పుకుంటూ చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల లోతు గాటు వేయాలి. అలా వేస్తే మధ్యలో మూడు సెంటీమీటర్ల గుండె ఒక్కటే మిగులుతుంది, అదే పిడి. ఇప్పుడు పిడి కావలసిన చివర పైకి ఉండేలా కర్రను మొద్దు మీద నిలబెట్టి, అంచుకు ఒక సెంటీమీటరు లోపలగా మందపాటి కత్తి అంచును ఆనించి, కత్తి వీపు మీద మరో కర్రతో తట్టండి. చెక్క పేడు కిందికి చీలుతూ వచ్చి, రంపపు గాటు దగ్గర టక్కున ఊడి పడుతుంది. పిల్లల ముఖాలు వెలిగేది ఆ శబ్దానికే. ఒకేసారి లోపలికి వెళ్ళాలని ఆశపడకుండా పలుచని పేళ్ళుగా చుట్టూ తీసుకుంటూ రావాలి, ఎందుకంటే కర్ర నార ఒక్కొక్కచోట లోపలికి తిరిగి ఉంటుంది, మందంగా చీలిస్తే ఆ చీలిక పిడిలోకి పోయి సుత్తి అంతా వృథా అవుతుంది. మూలలన్నీ ఊడాక కత్తితో గీకి, చేతికి గుచ్చుకోకుండా నునుపు చేస్తే పని పూర్తయింది. ఈ పనిలో కత్తి వీపును ఇనుప సుత్తితో ఎవరూ కొట్టకుండా చూడండి. ఇనుము మీద ఇనుము పడితే పెచ్చులు ఎగిరి కళ్ళలో పడతాయి.

డేరా గుంజ అంటే మన పశువుల గుంజకు తమ్ముడే కనుక మీ ఊరి రైతులెవరైనా మీకంటే బాగా చెప్పగలరు. పాతిక నుంచి ముప్పై సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల మందం చాలు. పొలం దున్ని మెత్తగా ఉంటే కొంచెం పొడవు పెంచండి. మొనను పెన్సిలులా గుండ్రంగా చెక్కకుండా నాలుగు పలకలుగా చెక్కితే నేలలో తిరిగిపోకుండా పట్టు ఉంటుంది. మొన మరీ సూదిగా ఉంటే మొదటి రాయి తగలగానే విరిగి నారలు లేస్తుంది, కనుక చివర కాస్త మొద్దుగా ఉంచాలి. తల అంచు చుట్టూ వాలుగా గీకేయడం అందరూ మరచిపోయే పని. అది చేయకపోతే సుత్తి దెబ్బలకు తల పువ్వులా విచ్చుకుని చీలుతుంది. తల నుంచి నాలుగు సెంటీమీటర్ల కింద తాడు ఆగడానికి గాటు పెట్టాలి. ముందు రంపంతో కర్ర మందంలో మూడోవంతు మించకుండా అడ్డంగా కోసి, తరువాత కింది నుంచి ఆ కోత వైపు కత్తితో వాలుగా చెక్కుకుంటూ వస్తే ముక్క దానంతట అదే ఊడుతుంది. రంపపు కోత ముందు లేకపోతే కత్తి జారి తలను కూడా తీసుకుపోతుంది. పాతేటప్పుడు గుంజ తల డేరాకు అవతలి వైపు వాలి ఉండాలి, గాటు కూడా డేరాకు అవతలి వైపే ఉండాలి. అప్పుడు తాడు లాగే కొద్దీ గుంజ బిగుస్తుంది. డేరాతో వచ్చిన తాళ్ళు కాకుండా కొబ్బరి తాళ్ళో జనపనార తాళ్ళో కడితే మంచుకు తడిసి కురచవుతాయని గుర్తుంచుకుని, రాత్రి పడుకునేముందు కాస్త వదులు చేయండి.

కుండ వేలాడదీసే ముక్కాలి విషయంలో మీతో ఏకీభవించలేను. అది చూడడానికి బాగుంటుంది, వీడియోల్లో మరీ బాగుంటుంది. కాని అది పైన అర్ధచంద్రాకారపు పట్టు ఉన్న పాత్రల కోసం పుట్టిన ఏర్పాటు. మన అన్నం గిన్నెకు, పప్పు తపేలాకు అలాంటి పట్టు ఉండదు, అంచు మాత్రమే ఉంటుంది. తీగలు కట్టి వేలాడదీస్తే పది మందికి సరిపడే ఉడుకు గంజి గాలిలో ఊగుతూ ఉంటుంది. మూడు రాళ్ళ పొయ్యి మన వంటకు సరిపడినంతగా మరేదీ సరిపడదు. టీ నీళ్ళకు బకెట్టు వేలాడదీయాలని పిల్లలు పట్టుబడితే సరే, మనిషి ఎత్తు సరుగుడు కర్రలు మూడింటిని పై కొసల దగ్గర తాడుతో ఒకటి విడిచి ఒకటి అల్లి కట్టి, ఒకసారి సరదాగా నిలబెట్టించండి. బకెట్టు సగానికి మించి నింపవద్దు.

గరిటెల విషయంలో మాత్రం మీకు ఒక మంచి దారి ఉంది. చెక్కలో గుంట తొలవడానికి వంకీ కత్తి కావాలి. అది మీ పెట్టెలో లేదు, మామూలు ఉలితో తొలిస్తే అరచేయి తెగే ప్రమాదం ఎక్కువ. అందుకని గుంటను కొబ్బరి చెట్టు చేసిపెట్టిన చోటు నుంచే తీసుకోండి. చిప్ప గరిటెలు మన అమ్మమ్మల వంటిళ్ళలో ఉండేవే. బాగా ముదిరిన కాయను పగలగొట్టి, కళ్ళు లేని సగాన్ని ఎంచుకోవాలి. కళ్ళున్న సగంలో ఒక కన్ను మెత్తగా ఉండి పులుసు కారిపోతుంది. పై పీచును కత్తి అంచుతో గీకి, గాజుపెంకుతో నునుపు చేయండి. గాజు పని మీరే చేయండి, పిల్లలకు వద్దు. అంచుకు సెంటీమీటరున్నర కింద ఎదురెదురుగా రెండు బెజ్జాలు కావాలి. చిప్ప లోపల మెత్తని చెక్కముక్క ఆనించి, బయటి నుంచి బరమాను బరువు వేయకుండా తిప్పాలి. మీ తాతగారిది తాడు చుట్టిన కమానుతో ముందుకు వెనక్కు ఆడించే బరమా అయితే, పిల్లలు దాని దగ్గర వరుస కడతారు. మిగతా పనులన్నీ ఆగిపోతాయని ముందే చెబుతున్నాను. తొందరపడి అదిమితే చిప్ప అంచుదాకా చీలిపోతుంది, కనుక ఒక్కొక్కరికి ఒక చిప్ప అదనంగా ఉంచుకోండి. కాడ వైపు బెజ్జం కొంచెం పెద్దది, ఎదుటిది చిన్నది కావాలి. జామ కొమ్మనో వెదురు బద్దనో కొస సన్నగా వచ్చేలా చెక్కి, పెద్ద బెజ్జంలోంచి దూర్చి చిన్న బెజ్జంలో ఇరుక్కునేలా తట్టితే మేకు గాని జిగురు గాని అవసరం లేకుండా నిలుస్తుంది. నీళ్ళలో నానితే కాడ ఉబ్బి మరింత బిగుస్తుంది.

అన్నం కలపడానికి తెడ్డు కావాలంటే అది బల్లపరుపు పని కనుక బాడిసతో మీరు ఉజ్జాయింపుగా చెక్కి ఇస్తే పిల్లలు కత్తితో పూర్తి చేయగలరు. కొమ్మను నిలువునా చీల్చి, నడిమి బెండు వచ్చిన భాగం తీసేసి మిగతాదాన్నే వాడండి. బెండు ఉన్న ముక్క ఎండేటప్పుడు తప్పక పగులుతుంది. పచ్చి కర్ర చెక్కడానికి సులువు, కాని చెక్కాక ఎండలో పెట్టకూడదు, గుడ్డలో చుట్టి నీడలో నిదానంగా ఆరనివ్వాలి. పూతకు కొబ్బరినూనె రాసి తుడవండి, అప్పుడప్పుడు మళ్ళీ రాయవలసి ఉంటుంది. రంగుల దుకాణంలో అమ్మే కాచిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, అది వంట సామానుకు పనికిరాదు.

రెండు రాత్రులకు అందరికీ పీటలు అక్కరలేదు, చాపలు చాలు. వంట దగ్గర కూర్చునేవారికి ఒక ముక్కాలి పీట మీరు ఇంటి దగ్గర చేసి తీసుకువెళ్ళండి. నాలుగు కాళ్ళ పీట పొలంలో ఊగుతుంది, మూడు కాళ్ళది ఎలాంటి ఎగుడుదిగుడు నేల మీదైనా కుదురుతుంది. అయిదు సెంటీమీటర్ల మందం పలకకు మూడు బెజ్జాలు బయటికి కొద్దిగా వాలేలా తొలిచి, కాళ్ళ కొసలను గుండ్రంగా చెక్కి దిగ్గొట్టాలి. ఇందులో ఉపాయమంతా తేమలో ఉంది. కాళ్ళు పూర్తిగా ఎండి ఉండాలి, పలకలో కాస్త పచ్చి మిగిలి ఉండాలి. పలక ఆరేకొద్దీ బెజ్జం ముడుచుకుని కాలిని పట్టేస్తుంది. దీనికి విరుద్ధంగా చేస్తే నెల తిరగకముందే కాళ్ళు ఊడి చేతికి వస్తాయి. పైన చీలిక కొట్టేటట్లయితే పలక నారకు అడ్డంగా కొట్టండి, నార వెంట కొడితే పలకే రెండవుతుంది.

శిబిరంలో చేయడానికి ఏదైనా మిగలాలంటే వెదురు పట్టకారు మిగల్చండి. ఇక్కడి నుంచే తీసుకువెళ్ళిన వెదురు బద్దను నడుమ పలుచగా గీకి, నిప్పు సెగకు తిప్పుతూ మెల్లగా వంచితే రొట్టెలు తిప్పడానికీ, నిప్పుకణికలు సర్దడానికీ సరిపోతుంది. వెదురు తొక్క అంచు బ్లేడులా తెగుతుంది, బద్ద అంచులు ముందు కత్తితో మొద్దు చేయించండి. మిగిలిన వెదురు గొట్టాలు గణుపులు మూసి ఉండగా పొయ్యిలో వేస్తే లోపలి గాలి వేడెక్కి టపాకాయలా పేలుతాయి, కనుక చీల్చి వేయండి.

బాడిస విషయానికి వస్తే, పద్నాలుగేళ్ళవారికి ఇవ్వవద్దనే నా అభిప్రాయం. కత్తి, రంపం, బరమా ఇవ్వండి, ఉలిని కొయ్యసుత్తితో కొట్టనివ్వండి. బాడిస మాత్రం పని చేసేవాడి వైపే వచ్చి పడే పనిముట్టు. మన వడ్రంగులు కర్రను కాలి వేళ్ళతో అదిమి పట్టి, వేళ్ళకు అంగుళం దూరంలో బాడిస దింపడం మీరు చూసే ఉంటారు. అది చిన్నప్పటి నుంచి చేసిన చేతికే చెల్లుతుంది, పిల్లలు అనుకరించకుండా ముందే గట్టిగా చెప్పండి. మీరు వాడేటప్పుడు కూడా కర్రను మొద్దు మీద నిలబెట్టి, పాదాలు మొద్దుకు ఇవతల ఉంచి చెక్కండి. కత్తి పట్టిన పిల్లలు చాచిన చేయి పక్కవారికి తగలనంత ఎడంగా, మోచేతులు మోకాళ్ళకు ఆనించి కూర్చోవాలి. తొడల మధ్య చెక్కడం అసలు పనికిరాదు, అక్కడ పెద్ద రక్తనాళాలు ఉంటాయి. ఒకసారికి నలుగురి చేతుల్లోనే పదునైన పనిముట్లు ఉండేలా చూసి, మిగతావారికి గీతలు గీయడం, గీకడం, తాళ్ళు పేనడం అప్పగించండి. తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టి, చేయి పైకెత్తి ఉంచి, రక్తం ఆగకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. తుప్పు పనిముట్లతో పని కనుక పిల్లల ధనుర్వాతం టీకాలు సకాలంలో పడ్డాయో లేదో తల్లిదండ్రుల దగ్గర ఈ వారమే కనుక్కోండి.